ముప్పై నాలుగు నాడులు, ఒక్క అసిరమ్మ

ఉప్పు పని 43వ రోజు

ఈ రోజు నుంచి కాగితం మీద రాస్తున్నాను. మూడేళ్ళుగా ఆరోగ్య సబ్‌సెంటరు సంగతులన్నీ గోడకున్న గొంతుపెట్టెకే చెబుతూ వచ్చాను. మనం చెప్పింది అది విని, తన మాటల్లో రాసుకుని, పట్నంలోని తీర ఆరోగ్య పరిషత్తుకు పంపుతుంది. పొద్దున దానికి నేను చెప్పింది ఇది: పైడమ్మ, నలభై ఆరేళ్ళు, రెండు కాళ్ళూ వాచాయి, మూడు రోజులుగా తలనొప్పి, బీపీ రెండొందల నాలుగు బై నూట పద్దెనిమిది. అది పంపింది ఇది: "లబ్ధిదారు స్వల్ప అలసటతో వచ్చారు. సంతృప్తిగా వెళ్ళారు."

సంతృప్తిగా కాదు, నన్ను తిట్టుకుంటూ వెళ్ళింది. పైడమ్మ నా తోడికోడలు, నన్ను అప్పా అంటుంది. ఎనిమిదేళ్ళుగా రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుని ఉప్పుమడుల్లో నిలబడి పనిచేసిన మనిషి. నలభై రోజుల క్రితం మానేసింది. పరిషత్తువాళ్ళు నీలం చుక్కలు పంచారు కదా, పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. అవి వేసుకుంటే బీపీ, షుగరు, కీళ్ళనొప్పి, దిగులు అన్నీ పోతాయట. ఇన్ని జబ్బులకు ఒకే మందు అన్నప్పుడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. కానీ పైడమ్మ తన ముంజేతికి పరిషత్తువాళ్ళు కట్టిన నాడిబిళ్ళ, ఒంట్లో బాగుంటే పచ్చగా వెలిగేది, నా మొహం ముందు పెట్టింది.

"సూడప్పా, పచ్చగా ఉన్నాది. నీ పాదరసానికి వయసైపోనాది గానీ నాకు గాదు."

నా బీపీ మిషన్ పాతదే. పాదరసం ఉన్నది ఈ తీరంలో ఇంకెక్కడా లేదంటారు. మా పెద్ద నర్సమ్మ వాడింది, ఆమె ముందు ఇంకొకరు వాడారు. దానికి గొంతు లేదు, రంగులు లేవు, ఎవరినీ సంతోషపెట్టాలని దానికి లేదు. పచ్చరంగు చూపించే బిళ్ళ ఒకవైపు, రెండొందల నాలుగు చూపించే మిషన్ ఒకవైపు. రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోంది.

ఉప్పు పని 44వ రోజు

పొద్దున ఏడింటికి బాలవాడి దగ్గర రోజూ ఉండే గోలే. సముద్రం దిగువ ఊరిని మింగేశాక మేమంతా ఈ ఎగువమెట్టకు ఎక్కి వచ్చాం. ఉప్పుమడులు మాత్రం కింద, నీళ్ళ అంచునే ఉన్నాయి. ముప్పై నలుగురు ఆడవాళ్ళు పనికి దిగే ముందు బాలవాడి ఆయా అసిరమ్మకు రెండు అప్పగిస్తారు. ఒకటి పిల్లలు, రెండోది బిళ్ళలు.

మడిలో నీళ్ళు సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉప్పన. బిళ్ళ పట్టీ కింద ఆ నీళ్ళు చేరితే చర్మం పగిలి పుండవుతుంది, బిళ్ళా పాడవుతుంది. పాడైతే కొత్తది వచ్చేదాకా, ఇంటికి రోజుకో బిందె ఇచ్చే మంచినీళ్ళ కార్డు పనిచేయదు. పోనీ మేకుకు తగిలించి వెళదామంటే, గంటసేపు చర్మం తగలకపోయినా కార్డు ఆగిపోతుంది. అందుకని అసిరమ్మ వేసుకుంటుంది. చేతికి పన్నెండు చొప్పున, కాలికి అయిదు చొప్పున. ముప్పై నాలుగు బిళ్ళలు పెట్టుకుని పిల్లలకు అంబలి తాగిస్తుంది, ముక్కులు తుడుస్తుంది, కథలు చెబుతుంది. డెబ్భై ఒకటో ఏడు. అరవై అయిదు దాటినవాళ్ళకు పరిషత్తు బిళ్ళలు ఇవ్వదు, వాళ్ళు లెక్కలోకి రారు. అందుకని ఆమెకంటూ సొంత బిళ్ళ లేదు. సాయంత్రం నాలుగింటికి ఎవరివి వాళ్ళు తీసుకుపోతారు, పిల్లలతో సహా.

ఇవాళ మడుల దగ్గరికి వెళ్ళి పైడమ్మను బతిమాలాను. మాత్ర నా చేతిలోనే ఉంది. వద్దంది.

ఉప్పు పని 49వ రోజు

పరిషత్తు నుంచి ఉత్తరువు వచ్చింది. గొంతుపెట్టె దాన్ని పెళ్ళి పత్రికలా చదివింది. చుక్కల పరీక్షలో ఎగువమెట్ట తీరమంతటికీ ఆదర్శ గ్రామంగా ఎంపికైందట. వానాకాలంలో కొలిచినప్పుడు ముప్పై నలుగురిలో ఇరవై ఆరుగురు పసుపు, ఎరుపు. ఇప్పుడు అందరూ పచ్చ. ఇంటికి రోజుకు రెండు బిందెల మంచినీళ్ళు అదనంగా ఇస్తారు, ఇవాళే మొదలు. డెబ్భై రెండో రోజున ఉప్పు కళ్ళంలో సభ. ఆ సభలో నేను పాత బీపీ మిషన్‌నూ, మిగిలిన మాత్రలనూ వేదిక మీద అప్పగించాలి. ఆ కార్యక్రమానికి "పాత యుగానికి వీడ్కోలు" అని పేరు కూడా పెట్టారు. ఆ మర్నాటి నుంచి ఏడు జిల్లాల్లో మాత్రలు ఆపేసి చుక్కలే ఇస్తారు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది. అందరూ పచ్చ, కానీ వారంలో పదకొండు మందికి నా మిషన్ మీద నూట అరవై దాటింది. ఏడు జిల్లాల్లో ఎంతమంది పైడమ్మలు ఉంటారో ఎవరైనా ఆలోచించారా?

సాయంత్రం మా వీధి వీధంతా కొత్త నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. నేనూ కడుక్కున్నాను. చాలా హాయిగా ఉంది, అబద్ధం చెప్పను.

ఉప్పు పని 58వ రోజు

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. 

బిళ్ళ రోజుకొక్క రంగే చూపిస్తుంది. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా నాడి, ఒంటివేడి కొలిచి, నాడిని బట్టి బీపీ లెక్కకట్టి, మూడింటికి తీర్పు చెబుతుంది. మర్నాడు మూడింటిదాకా అదే రంగు. వంటవేడికీ నిద్రకూ కొలతలు తప్పుతాయని పట్నంలో ఎవరో పెద్దలు అలా నిర్ణయించారు. ఇవాళ మూడింటికి గొంతుపెట్టె పెద్దగా కూత పెట్టింది. ఎగువమెట్టలో ముప్పై నలుగురికి జ్వరం, అందరికీ నూటొకటి పాయింట్ రెండు, అంటువ్యాధి అనుమానం, డాక్టరు పడవలో బయల్దేరుతున్నారు అని.

థర్మామీటరు పట్టుకుని మడుల్లోకి పరుగెత్తాను. వాళ్ళు తట్టలతో ఉప్పు మోస్తూ నన్ను చూసి నవ్వారు. ఒక్కొక్కరికీ పెట్టి చూశాను. ఎవరికీ జ్వరం లేదు. పైడమ్మ అయితే నన్నే చూసుకోమంది.

బిళ్ళలు చూద్దామని బాలవాడికి వచ్చాను. అసిరమ్మ చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. చేతులకూ కాళ్ళకూ ముప్పై నాలుగు బిళ్ళలు, అన్నీ పసుపుగా మెరుస్తున్నాయి. నిన్న వానలో పిల్లల బట్టలు తీస్తూ తడిసిందట. నోట్లో థర్మామీటరు పెట్టాను. నూటొకటి పాయింట్ రెండు.

ఆమె పక్కనే కూలబడ్డాను. విషయం చెబితే నన్ను చూసి నవ్వింది, పళ్ళు టకటకలాడుతున్నా.

"ఓలమ్మ, నాకు జొరమొస్తే ఊరందరికీ పడవ పంపినారా?"

సెంటరుకు వచ్చి పాత రిజిస్టరు తీశాను. మొదటి కొలతలు వానాకాలంలో. అప్పుడు ఉప్పు పని లేదు, ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికే ఉండేది. తరువాత ఉప్పు పని మొదలైంది, ఆ వారమే చుక్కలు ఇచ్చారు, ఆ వారమే బిళ్ళలు అసిరమ్మ చేతికి ఎక్కాయి. ఊరి జబ్బులు తగ్గలేదు. మనిషి మారింది. రాళ్ళు అరిగించుకునే ఒక ముసలమ్మ నాడిని ముప్పై నాలుగు పేర్లతో రాసుకుని తీరమంతా పండగ చేసుకుంటోంది.

ఆ పేజీలోనే కింద ఇంకో వాక్యం ఉంది. "ఉప్పునీటి పుండ్లు ఎక్కువగా ఉన్నాయి. పనిలో ఉన్నంతసేపు బిళ్ళలు తీసి అసిరమ్మకు ఇమ్మని చెప్పాను." చేతిరాత నాదే. ఎవరు చెప్పారీ తెలివితక్కువ సలహా అని అడగడానికి కూడా నాకు మొహం లేదు. కళ్ళెదుట రోజూ పొద్దున జరుగుతున్నా రెంటికీ ముడి పెట్టుకోలేకపోయాను.

ఉప్పు పని 59వ రోజు

మధ్యాహ్నం మూడు దాటాక డాక్టర్ కౌస్తుభ్ వచ్చాడు. చుక్కల పరీక్ష ఆయన చేతి మీదుగానే జరుగుతోంది. ముప్పై అయిదేళ్ళు ఉండవు, మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆయన వచ్చేసరికి అసిరమ్మ మిరియాల కషాయం తాగి కోలుకుంది, బిళ్ళలన్నీ పచ్చబడ్డాయి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నా సలహాతో సహా. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, సంతోషించాడు. ఒక్క రోజులో ముప్పై నలుగురికీ జ్వరం తగ్గడం మామూలు సంగతి కాదట, సభలో తప్పకుండా చెప్పాలట. బిళ్ళలు ఒకరిద్దరు అప్పుడప్పుడు తీస్తుంటారని పరిషత్తుకూ తెలుసు, అలాంటి చిన్న తేడాలను లెక్క సరిచేసుకుంటుందట.

"దగ్గర దగ్గర నలభై వేల కొలతలండీ, దమయంతి గారూ. నలభై వేల కొలతలు అబద్ధం చెప్పవు."

"నలభై వేలసార్లు కొలిచింది ఒక్క మనిషినే డాక్టరు గారూ. బాలవాడి యాభై అడుగుల దూరం. వచ్చి చూడండి."

పడవకు టైమైందన్నాడు. రాసి పంపమన్నాడు. వెళుతూ గుమ్మంలో ఆగి, మీరు పాత మిషన్ మీద ప్రేమతో ఇలా అంటున్నారేమో ఆలోచించుకోండి అన్నాడు. తనూ చుక్కలే వేసుకుంటున్నాడట, వాళ్ళ అమ్మగారికీ మాత్రలు మాన్పించి అవే వేస్తున్నాడట. మోసగాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. నమ్మినవాడు. నమ్మినవాడితో వచ్చే చిక్కు వేరు.

రాశాను, పెట్టెకు చదివి వినిపించాను. అది పంపింది: "ఆరోగ్య కార్యకర్త చుక్కల ఫలితాలపై ఆసక్తి చూపారు."

ఉప్పు పని 60వ రోజు

ఊళ్ళోవాళ్ళకూ చెప్పాను. ఉప్పు మేస్త్రి అప్పలస్వామి కళ్ళంలోనే అందరినీ కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు, మడుల గట్లు తెగినప్పుడు అందరి కన్నా ముందు నీళ్ళలోకి దూకే మనిషి. నేను చెప్పిందంతా విని, కందకి నేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నాడు. బిళ్ళలు తీసి పనిచేస్తున్నామని పరిషత్తుకు తెలిస్తే ముప్పై నాలుగు కార్డులూ ఆగిపోతాయి. రెండు బిందెలు పోవడమే కాదు, ఉన్న బిందే పోతుంది. చుక్కలు పనిచేస్తే ఎవరికి, చేయకపోతే ఎవరికి, అవి చేదు నీళ్ళే కదా, విషమేం కాదు కదా అన్నాడు.

చుక్కలు విషం కావు, మాత్రలు మానేయడమే విషం అన్నాను.  ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఉలిపికట్టెనే, ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నాను.

ఇంటికి వస్తుంటే పైడమ్మ నా వెంట వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పాదాలు చూపించింది. ఏళ్ళ తరబడి మానని పుండ్లు నిజంగానే ఎండుతున్నాయి.

"సుక్కలు గాదప్పా, నాకు తెల్దా? ఆ మంచినీళ్ళతోటి కడుక్కుంటన్నాను, మానతన్నాయి. అవి పోయినాయంటే మల్లీ సీము కారతాది. నువ్వు సెప్పకు."

 రెండు బిందెల నీళ్ళు ముందే ఇచ్చి ఉంటే ఈ ఊరికి సగం మందులే అక్కర్లేదు. నీళ్ళు కావాలని అడిగితే నీళ్ళు రావు. చుక్కలకు చప్పట్లు కొడితే నీళ్ళు వస్తాయి. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. నీళ్ళివ్వడానికి పచ్చరంగు అడిగినవాళ్ళ మీద వచ్చింది.

ఉప్పు పని 66వ రోజు

పైడమ్మ మడిలో పడిపోయింది.

పదకొండింటికి కేకలు వినిపించాయి. నేను వెళ్ళేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి చచ్చుబడి వేలాడుతోంది, నన్ను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. బీపీ రెండొందల పద్నాలుగు. సెంటరుకు పరుగెత్తి, ఆసుపత్రి పడవ పంపమని గొంతుపెట్టెను అడిగాను. బిళ్ళ నంబరు అడిగింది, చెప్పాను. "ఈ లబ్ధిదారు ప్రస్తుతం పచ్చ. ఆసుపత్రి పడవ అవసరం లేదు" అంది. అరిచాను. "మీ సూచన నమోదైంది" అంది.

గంటకు మెల్లగా చెయ్యి కదిలింది. మాట సర్దుకుంది. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను, అందరి ముందూ. ఇది హెచ్చరిక, ఈసారి వస్తే మనిషి మిగలదు అని నాకు తెలుసు. మూడింటికి బాలవాడిలో ఆమె బిళ్ళ పచ్చగానే తీర్పు చెప్పింది.

ఎండదెబ్బ అన్నారు అందరూ. పైడమ్మ కూడా ఎండదెబ్బే అంది. మాత్ర ఇస్తే కొంగున కట్టుకుంది, వేసుకోలేదు. మాత్ర వేసుకుంటే జబ్బున్నట్టు ఒప్పుకోవాలి కదా.

ఇక చెప్పడం అయిపోయింది. చూపించాలి.

ఉప్పు పని 70వ రోజు

సభ ఏర్పాట్లు. కళ్ళంలో పెద్ద తెర కడుతున్నారు. ముప్పై నలుగురి నాడీ అప్పటికప్పుడు ఆ తెర మీద కనిపిస్తుందట, ఏడు జిల్లాలవాళ్ళూ వాళ్ళ ఊళ్ళలో చూస్తారట. మేస్త్రికి గుబులు పట్టుకుంది. ఎవరి బిళ్ళ వాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మూడింటి తీర్పులో తెరంతా ఎర్రబడుతుందని ఆయనకూ తెలుసు. అందుకని ఆ రోజు కూడా బిళ్ళలు అసిరమ్మకే ఇచ్చి, పనిలో వేసుకునే పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని రమ్మన్నాడు. నా పని సగం ఆయనే చేసిపెట్టాడు.

అసిరమ్మ దగ్గరికి వెళ్ళాను. పిల్లల తలలు దువ్వుతోంది.

సభలో తెర వెలగగానే, కళ్ళం వెనక వాననీళ్ళ తొట్టి దాకా ఉన్న నూట పది మెట్లూ ఎక్కి దిగాలి పెద్దమ్మా అన్నాను. ఎందుకో చెప్పాను. కార్డులు ఆగిపోవచ్చనీ చెప్పాను. ఆమె దువ్వెన పక్కన పెట్టింది.

"పెట్టుకోమన్నావు, పెట్టుకున్నాను. ఎక్కమంటావు, ఎక్కతాను. మరి ముందు నీ పేరే వొస్తాది, ఆలోసించినావా?"

ఆలోచించాను అన్నాను. ఉద్యోగం పోతే ఏం చేస్తావంది. ఉప్పు మోస్తాను అన్నాను. నవ్వింది. నీ బిళ్ళ కూడా నేనే పెట్టుకుంటాను అప్పుడు అంది.

ఉప్పు పని 72వ రోజు

పొద్దున పదకొండింటికి సభ. ముప్పై నలుగురు ఆడవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు, మణికట్లు దాటిన చొక్కాలతో. పైడమ్మ రెండో వరసలో ఉంది. మొహం ఉబ్బి ఉంది. నేను వేదిక మీద, ఒళ్ళో బీపీ మిషన్ పెట్టె, పక్కన మాత్రల డబ్బా.

డాక్టర్ కౌస్తుభ్ బాగా మాట్లాడాడు. ఎగువమెట్ట పేరు ఇక లోకమంతా చెప్పుకుంటుందన్నాడు. తెర వెలిగింది. ముప్పై నాలుగు గీతలు, అన్నీ పచ్చ, ఒక్కొక్క దాని పక్కన పేరు, అంకె. అందరికీ డెబ్భై. చప్పట్లు.

కళ్ళం వెనక మెట్ల మీద అసిరమ్మ ఎక్కడం వేదిక మీద నుంచి నాకొక్కదానికే కనిపిస్తోంది. పిల్లలు గోల చేస్తూ వెంటపడ్డారు. తెర మీద డెబ్భై ఎనభై అయింది. తొంభై ఆరు. నూట పది. ముప్పై నాలుగు గీతలూ ఒకేసారి లేస్తున్నాయి. కింద ముప్పై నలుగురు ఆడవాళ్ళు కదలకుండా కూర్చుని, పేలాలు నములుతూ తమ గుండెలు తెర మీద పరుగెత్తడం చూస్తున్నారు. నూట ఇరవై ఎనిమిది.

డాక్టరు ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే మైకు దగ్గరికి వంగాడు. చూడండి, చూడండి, ఆనందంతో ముప్పై నాలుగు గుండెలు ఒక్క తాళంలో కొట్టుకుంటున్నాయి, చుక్కల మహిమ కాకపోతే ఇదేమిటి అన్నాడు. ఇంకా పెద్దగా చప్పట్లు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళ ముందు తేలు కుట్టినా దాన్ని చుక్కల మహిమే అనగలరు వీళ్ళు.

లేచాను. మిషన్ పెట్టె బల్ల మీద తెరిచి పెట్టాను. మైకు వద్దనుకున్నాను, నాది మడుల అవతలికి వినిపించే గొంతే.

"ఈ తెర మీద ఉన్నవాళ్ళెవరూ మెట్లెక్కడం లేదు. నా ముందు కూర్చుని ఉన్నారు. వీళ్ళ బిళ్ళలు వీళ్ళ చేతికి లేవు. తీసి పెట్టమన్నది నేను. ఆ తప్పు నాది. ఇప్పుడు ఎవరి నాడి వాళ్ళది చూస్తాను. రండి."

ఎవరూ లేవలేదు. మేస్త్రి తల దించుకున్నాడు. పరిషత్తు మనుషులు నా వైపు వస్తున్నారు. బీపీ పట్టీ విప్పి పట్టుకుని నిలబడ్డాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

పైడమ్మ లేచింది. గోడ పట్టుకుని నడిచినట్టు, మనుషుల భుజాలు పట్టుకుంటూ వేదిక దాకా వచ్చింది. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. మణికట్టు ఖాళీగా ఉంది, పట్టీ కింద పడ్డ పాత పుండు మచ్చ తప్ప. నా వైపు చూడలేదు. డాక్టరు వైపు చూసింది.

"ఆరు దినాల కింద నా మూతి వంకరైపోనాది బావూ. మా అప్ప పడవ కావాలంటే నాను పచ్చగా ఉన్నానని పంపనేదు. నాను పచ్చగా లేను. కొలవప్పా."

కొలిచాను. నూట తొంభై రెండు బై నూట పన్నెండు. గట్టిగా చదివాను. తెర మీద పైడమ్మ పేరు పక్కన, నిన్నటి తీర్పు ప్రకారం పచ్చగానే, నూట ముప్పై కొట్టుకుంటోంది. ఆమె మణికట్టు నా వేళ్ళ కింద ఎనభై నాలుగు కొట్టుకుంటోంది. డాక్టరు తెరనూ ఆ మణికట్టునూ మార్చి మార్చి చూశాడు. తరువాత తనే వచ్చి ఆ నాడి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

అప్పటికి అసిరమ్మ దిగి వచ్చింది, ఒగరుస్తూ, వెనకాల పిల్లలతో. ముప్పై నాలుగు బిళ్ళలూ ఎండలో తళతళలాడుతున్నాయి. జనం దారి ఇచ్చారు. ఆమెకూ కొలిచాను, కాస్త నెమ్మదించాక. నూట ఇరవై ఆరు బై డెబ్భై ఎనిమిది. తెర మీద గీతలన్నీ ఆమెతోపాటే కిందికి దిగాయి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పరిషత్తు పెద్దాయన ఒకాయన మైకు అందుకున్నాడు. సరే, బిళ్ళల విషయంలో పొరపాటు జరిగింది, కానీ ఈ వయసులో ఈ తల్లి ఆరోగ్యం చూడండి, చుక్కల శక్తికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి అన్నాడు. అసిరమ్మ ఆయన వైపు జాలిగా చూసింది.

"నాకెవులిచ్చినారు బావూ సుక్కలు? నాను నెక్కలోకి రానన్నారు. ఒక్క సుక్కా తాగనేదు."

మొదట పిల్లలు నవ్వారు. తరువాత మేస్త్రి నవ్వాడు. ఆ తరువాత కళ్ళమంతా. ఏడు జిల్లాల్లో ఎంతమంది నవ్వారో తెలియదు, ఎవరో తెర ఆపేశారు.

ఆడవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుంటూ వరస కట్టారు.

ఉప్పు పని 81వ రోజు

కార్డులు ఎనిమిది రోజులు ఆగిపోయాయి. పక్కనున్న చేపల ఊరు గంగమ్మపేట నుంచి పడవల్లో పీపాలతో నీళ్ళు వచ్చాయి. అక్కడా చాలామందికి చుక్కలు వస్తాయని చెప్పి ఉన్నారట, మాత్రలు మానకుండా బతికించావు అని ఒకాయన నాకు రెండు ఎండుచేపలు ఇచ్చాడు. నిన్న కార్డులు తెరుచుకున్నాయి, మామూలు ఒక్క బిందెకు. అదనపు రెండు బిందెలు పోయాయి. పైడమ్మ పాదాలు మళ్ళీ చెమ్మగిల్లుతున్నాయి. ఆ నీళ్ళు ఎవరి మెప్పుకూ కాకుండా, కాళ్ళ కోసమే ఇవ్వమని అర్జీ రాశాను. ముప్పై నాలుగు వేలిముద్రలు పడ్డాయి. అసిరమ్మ లెక్కలోకి రాదు కదా, అందుకని ఆమెది అందరికన్నా పైన వేయించాను.

చుక్కలు పూర్తిగా రద్దు కాలేదు. ఏడు జిల్లాల్లో పంచడం "పునఃపరిశీలన కోసం" వాయిదా పడిందని పెట్టె చెప్పింది. వాయిదా అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంకో రంగులో వస్తాయి. రానివ్వండి.

ఇవాళ పొద్దున డాక్టర్ కౌస్తుభ్ వచ్చాడు, పరిషత్తు పడవలో కాదు, అద్దె పడవలో. పక్కన ఒక పెద్దావిడ. గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు, లోపలికి రావచ్చా అని అడిగాడు. మా అమ్మకు ఒకసారి చూస్తారా అన్నాడు. 

కూర్చోబెట్టి, పట్టీ చుట్టి, గాలి కొట్టాను. పాదరసం నెమ్మదిగా దిగింది. నూట డెబ్భై ఆరు బై నూట నాలుగు. ఆయన కూడా వంగి గాజుగొట్టంలో చూశాడు, నేను చదవకముందే ఆయన చదివేశాడు. మాత్ర ఇచ్చాను, నీళ్ళిచ్చాను. ఆవిడ వేసుకుని, మొహమాటంగా నవ్వి, వాడు చెప్పాడని మానేశానమ్మా, వాడు చదువుకున్నవాడు కదా అంది. ఆయన కిటికీలోంచి మడుల వైపు చూస్తూ ఉండిపోయాడు.  ఆయనను అనవలసింది ఆ గొట్టమే అనేసింది.

పైడమ్మ: నూట నలభై ఎనిమిది బై తొంభై రెండు. మాత్ర నా ఎదురుగా వేసుకుంది.

మధ్యాహ్నం గొంతుపెట్టె మూడోసారి అడిగింది, పాత బీపీ మిషన్ ఎప్పుడు అప్పగిస్తారని. ఇవ్వను అన్నాను. "ఆరోగ్య కార్యకర్త సమయం కోరారు" అని అది రాసుకుంది. అందుకే ఈ పుస్తకం. నేను సమయం కోరలేదు. ఇవ్వను అన్నాను.